అపెండిక్స్ ఎంత ముదిరిందో రక్తం చెబుతుందా?

నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట, సత్యవేడు, నగరి. ఈ ఊళ్ళవాళ్ళకు పెద్దాసుపత్రి అంటే చాలాకాలంగా చెన్నైయే. సెంట్రల్‌లో రైలు దిగి రోడ్డు దాటితే రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి. పాతవాళ్ళ నోట అది ఇప్పటికీ మద్రాసు జీహెచ్. కడుపునొప్పితో వచ్చేవాళ్ళ చేతిలో సాధారణంగా ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. ముందురోజు రాత్రి ఊళ్ళో చేయించిన రక్తపరీక్ష కాగితం, స్కానింగ్ రిపోర్టు, గ్యాస్ నొప్పి అనుకుని మెడికల్ షాపులో కొన్న మాత్రల రేకు అందులో ఉంటాయి. డ్యూటీ డాక్టరు పొట్ట నొక్కి చూసి, కాగితం తిప్పి, అపెండిక్స్ కావచ్చు అనగానే పక్కనున్నవాళ్ళు అడిగే మాట ఒకటే: "కౌంట్ ఎంతుంది సార్? ఇప్పుడే కొయ్యాలా, రేపటిదాకా ఆగొచ్చా?"

ఈ మాటలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఇది అపెండిక్సేనా అన్నది మొదటిది. అపెండిక్సే అయితే ఎంతవరకు ముదిరింది అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు రక్తపరీక్ష సాయం చేస్తుందని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. రెండోదానికి, అంటే పొట్ట తెరవకముందే లోపల కుళ్ళిందా, చిల్లు పడిందా, చీము చేరిందా అని రక్తం చూసి పసిగట్టడం సాధ్యమా అన్నదాని మీద సర్జన్లు కొన్ని దశాబ్దాలుగా లెక్కలు వేస్తూనే ఉన్నారు. కొంతవరకు సాధ్యమే. అయితే నొప్పి మొదలై ఎన్ని గంటలైందో తెలియకపోతే కాగితం మీది అంకెల విలువ సగం పోతుంది.

తెలుగు పల్లెల్లో ఈ జబ్బును "ఇరవై నాలుగు గంటల నొప్పి" అంటారు. చెన్నై వార్డుల్లో తమిళంలో వినిపించే మాట కుడల్‌వాల్, అంటే పేగు తోక. తమిళులు దాని ఆకారం చూసి పేరు పెట్టారు, మనవాళ్ళు గడియారం చూసి పెట్టారు. సరిగ్గా ఇరవై నాలుగు గంటలకే ఏదో జరిగి తీరుతుందన్న లెక్క నిజం కాదు గానీ, ఈ జబ్బులో టైం చూడాలన్న గ్రహింపు మాత్రం ఆ పేరులో ఉంది.

పెద్దపేగు మొదట్లో, కుడి తుంటికి పైగా, వేలెడంత పొడవున వేలాడే సన్నని గొట్టం అపెండిక్స్. దాని వాపుకు అపెండిసైటిస్ అని పేరు పెట్టి, ఈ జబ్బును ముందే గుర్తించి త్వరగా ఆపరేషన్ చేయాలని 1886లో వాదించినవాడు బోస్టన్‌కు చెందిన రెజినాల్డ్ ఫిట్జ్. జీవితకాలంలో నూటికి ఏడెనిమిది మందికి ఇది వస్తుందని పాశ్చాత్య దేశాల లెక్క. పదేళ్ళనుంచి ముప్పై ఏళ్ళ మధ్యవాళ్ళలో ఎక్కువ. గొట్టం నోరు మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది, సూక్ష్మజీవులు పెచ్చరిల్లుతాయి, గోడకు రక్తం అందక నల్లబడుతుంది, చివరికి చిల్లు పడుతుంది. వాపు దగ్గరే ఆగితే డాక్టర్లు దాన్ని సాధారణ రకం అంటారు. గాంగ్రీన్ (గోడ కుళ్ళడం), చిల్లు, చీముగడ్డ ఉంటే ముదిరిన రకం. ఆసుపత్రికి వచ్చే కేసుల్లో నాలుగో వంతుకు అటూఇటూగా ఈ రెండో రకానివి.

ముందే తెలిస్తే ఏం లాభం, ఎలాగూ ఆపరేషనే కదా అని ఒకప్పుడు అనుకునేవారు. ఇప్పుడు ఆ మాట చెల్లదు. ఫిన్లాండ్‌లో చేసిన అప్పాక్ అనే పరిశీలన ఫలితాలు 2015లో వచ్చాయి. సీటీ స్కాన్‌లో సాధారణ రకం అని తేలిన 530 మందిలో కొందరికి ఆపరేషన్ చేశారు, కొందరికి యాంటీబయాటిక్స్ మాత్రమే ఇచ్చారు. మందులతో ఇంటికెళ్ళినవాళ్ళలో 27 శాతం మందికి ఏడాదిలోపు, 39 శాతం మందికి ఐదేళ్ళలోపు ఆపరేషన్ తప్పలేదు. మిగతావాళ్ళకు కత్తి పడలేదు. అమెరికాలో 2020లో వెలువడిన కోడా పరిశీలనలో 90 రోజుల్లో ఆపరేషన్ దాకా వెళ్ళినవాళ్ళు పదిమందిలో ముగ్గురు. గొట్టంలో మలం గట్టిపడి ఏర్పడిన రాయి ఉన్నవాళ్ళలో అది పదికి నాలుగు. అంటే సాధారణ రకానికి ఇప్పుడు రెండు దారులున్నాయి, ముదిరిన రకానికి మాత్రం ఈ వెసులుబాటు లేదు. అప్పాక్‌లో రకాలను విడదీసింది సీటీ స్కాన్ అన్నది ఇక్కడ మరచిపోకూడదు. ఒక్క రక్తపరీక్ష చూసి ఎవరినీ మందుల దారిలో పంపలేదు.

ఇక కాగితం దగ్గరికి. రక్తకణాలను లెక్కపెట్టే పరీక్ష ఇది; ఆంధ్రలో సీబీపీ అనేదాన్నే చెన్నై ల్యాబులు సీబీసీ అంటాయి. పేరు మారిందని పరీక్షే వేరనుకుని రెండోసారి డబ్బు కట్టేవాళ్ళూ ఉన్నారు. అందులో మొదట చూసేది టీసీ, అంటే మొత్తం తెల్లకణాలు. అందరూ అడిగే కౌంట్ ఇదే. మామూలుగా ఘన మిల్లీమీటరుకు 4,000 నుంచి 11,000. అపెండిసైటిస్‌లో చాలామందికి ఇది పెరుగుతుంది, అదీ నొప్పి మొదలైన కొద్ది గంటల్లోనే. త్వరగా పెరగడం వల్ల జబ్బును పట్టడానికి పనికొస్తుంది గానీ, ముదురును కొలవడానికి అంతగా పనికిరాదు. వట్టి వాపుకే 15,000 చేరినవాళ్ళుంటారు, చిల్లు పడినా 12,000 దాటనివాళ్ళూ ఉంటారు. పదిమందిలో ఒకరిద్దరికి అసలు పెరగనే పెరగదు. "కౌంట్ పద్దెనిమిది వేలు, పగిలిపోయి ఉంటుంది" అన్న వరండా మాటను అందుకే పూర్తిగా నమ్మనక్కర్లేదు.

అదే కాగితంలో కింద డీసీ ఉంటుంది. ఏ రకం తెల్లకణం ఎంత శాతం అన్న లెక్క అది. సూక్ష్మజీవుల మీదికి మొదట దూకేవి న్యూట్రోఫిల్స్. శరీరం ఒత్తిడిలో పడినప్పుడు లింఫోసైట్లు తగ్గుతాయి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే ఎన్ఎల్ఆర్. ఉదాహరణకు న్యూట్రోఫిల్స్ 78, లింఫోసైట్లు 16 అయితే సుమారు 4.9. న్యూట్రోఫిల్స్ 88, లింఫోసైట్లు 8 అయితే 11. పలు పరిశీలనలను కలిపి 2020లో ప్రచురించిన ఒక విశ్లేషణ, 4.7 దాటితే అపెండిసైటిస్ వైపు, 8.8 దాటితే ముదిరిన రకం వైపు మొగ్గు ఉంటుందని చెప్పింది. అదనపు పరీక్ష లేదు, అదనపు ఖర్చు లేదు, ఫోన్‌లోని క్యాలిక్యులేటర్ చాలు. చిన్న పట్టణాల ఆసుపత్రులకు ఇంతకంటే చవకైన సాధనం లేదు. అయినా చాలా కాగితాల్లో ఈ భాగహారం ఎవరూ చేయరు. నొప్పి తగ్గడానికి ముందురోజు ఏదైనా స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడి ఉంటే మాత్రం ఈ లెక్క తప్పుతుంది. స్టెరాయిడ్ న్యూట్రోఫిల్స్‌ను పెంచుతుంది, లింఫోసైట్లను తగ్గిస్తుంది, జబ్బు లేకుండానే ఎన్ఎల్ఆర్ ఎగిరిపడుతుంది.

ముదురును అంచనా వేయడంలో అసలైన సాక్షి సీఆర్‌పీ. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో న్యుమోనియా రోగుల రక్తంలో దొరికిన ప్రోటీన్ ఇది. ఒంట్లో ఎక్కడ వాపు వచ్చినా, కణజాలం చచ్చినా, ఆ కబురు ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనం ద్వారా కాలేయానికి అందుతుంది. కాలేయం సీఆర్‌పీని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. కబురు చేరడానికి, సరుకు తయారవడానికి టైం పడుతుంది. ఆరేడు గంటల దాకా పెద్దగా కదలదు. తర్వాత సుమారు ఎనిమిది గంటలకోసారి రెట్టింపవుతూ పోయి, ఒకటిన్నర రోజు నుంచి రెండు రోజుల మధ్య శిఖరానికి చేరుతుంది. కారణం తొలగిపోయాక దాదాపు 19 గంటలకోసారి సగమవుతూ దిగుతుంది.

ఈ నడక తెలిస్తే ఒకే అంకె రెండు కథలు ఎలా చెబుతుందో అర్థమవుతుంది. నొప్పి మొదలైన నాలుగు గంటలకు ల్యాబ్‌కు వెళ్ళిన కుర్రాడికి సీఆర్‌పీ 8 వస్తే ఊరట పడడానికేమీ లేదు, అది ఇంకా నిద్ర లేవలేదంతే. రెండు రోజులుగా నొప్పితో ఉన్న మనిషికి అదే 8 వస్తే ముదిరిన అపెండిక్స్ అయ్యే అవకాశం బాగా తక్కువ. అలాగే రాత్రి తొమ్మిదికి ఊళ్ళో 12 ఉన్నది తెల్లారి చెన్నైలో 90 చూపిస్తే ఆ 90 కంటే మధ్యలో పెరిగిన తీరే డాక్టరును తొందరపెట్టాలి. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన పాత కాగితాన్ని పక్కన పడేసి "మళ్ళీ అన్నీ చేయించండి" అన్నప్పుడు చాలామంది డబ్బు గుంజడానికే అనుకుంటారు. ఈ జబ్బులో రెండోసారి పరీక్షకు గట్టి కారణం ఉంది. పాత కాగితాన్ని పారేయకుండా దాచి, రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఆ రెండో ఖర్చు సార్థకం.

చాలా పరిశీలనల్లో సీఆర్‌పీ లీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే అనుమానం, 100 దాటితే గట్టి అనుమానం. ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉంది. కొన్ని ల్యాబులు లీటరుకు లెక్కిస్తాయి, కొన్ని డెసిలీటరుకు. ఒకచోట 9 అని రాసింది ఇంకోచోట 90తో సమానం కావచ్చు. కంగారులో వాట్సాప్‌లో ఫోటో పంపి "తొమ్మిదే ఉందన్నా" అంటే అవతలివాడు "ఏం కాదులే" అనేస్తాడు. చిన్న ల్యాబుల్లో గాజుపలక మీద చుక్కలు కలిపి చేసే పాత పద్ధతి ఇంకా ఉంది. అందులో జవాబు 6, 12, 24, 48 అంటూ మెట్లుగా వస్తుంది, మధ్య అంకెలు ఉండవు. దాన్ని చెన్నైలోని యంత్రం ఇచ్చిన అంకెతో సూటిగా పోల్చలేం. ఇక గుండె ప్యాకేజీల్లో చేసే హెచ్ఎస్-సీఆర్‌పీ అన్నది చాలా తక్కువ స్థాయిలను కొలవడానికి పెట్టింది. కడుపునొప్పికి మామూలు సీఆర్‌పీ సరిపోతుంది.

బిలిరుబిన్ సంగతి మరీ ఆసక్తికరం. కామెర్లకు చూసే పరీక్షకు అపెండిక్స్‌తో ఏం పని? పేగుల నుంచి బయల్దేరే రక్తం నేరుగా గుండెకు పోదు, ముందు పోర్టల్ సిర ద్వారా కాలేయానికి చేరుతుంది. అపెండిక్స్ గోడ చచ్చిపోతే లోపలి ఈ-కొలై లాంటి సూక్ష్మజీవులు, వాటి విషాలు అదే దారిలో కాలేయానికి చేరి, పిత్తం బయటికి పోయే పనిని మందగింపజేస్తాయి. కళ్ళు పచ్చబడవు గానీ రక్తంలో బిలిరుబిన్ కాస్త పైకి జరుగుతుంది. మామూలుగా డెసిలీటరుకు 1 లేదా 1.2 మిల్లీగ్రాముల లోపు ఉండేది ఆ గీత దాటుతుంది. సీఆర్‌పీ లాగా ఎక్కడి వాపుకైనా పెరిగేది కాదు కాబట్టి ఇది చిల్లును పట్టిస్తుందని కొన్నేళ్ళ కిందట చాలా ఆశలు పెట్టుకున్నారు. తీరా లెక్కలన్నీ కలిపి చూస్తే చిల్లు పడినవాళ్ళలో దాదాపు సగం మందిలోనే అది పెరిగింది. పెరిగితే అనుమానం బలపడుతుంది, పెరగకపోతే ఏమీ తేలదు. పైగా గిల్బర్ట్ అనే హాని లేని పుట్టు లక్షణం ఉన్నవాళ్ళకు రెండు పూటలు తిండి మానేస్తేనే బిలిరుబిన్ పెరుగుతుంది. అపెండిక్స్ నొప్పితో ఎవరు అన్నం తింటారు? అందుకే మొత్తం బిలిరుబిన్ ఒక్కటే కాకుండా అందులో డైరెక్ట్ ఎంత, ఇన్‌డైరెక్ట్ ఎంత అన్నది చూడాలి. గిల్బర్ట్‌లో పెరిగేది ఇన్‌డైరెక్ట్.

రక్తంలో సోడియం తగ్గడం కూడా ఈ జాబితాలో చేరింది. 135 కంటే తక్కువున్నవాళ్ళలో ముదిరిన రకం ఎక్కువని పలుచోట్ల తేలింది. వాంతులు ఒక కారణం. వాపు రసాయనాలు మెదడు నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ను విడుదల చేయించి ఒంట్లో నీటిని పట్టి ఉంచడం మరో కారణం. ప్రోకాల్సిటోనిన్ అనే మరో రక్తపరీక్ష చీము, ఒళ్ళంతా పాకిన ఇన్ఫెక్షన్ విషయంలో బాగానే చెబుతుంది, సాధారణ అపెండిసైటిస్‌ను గుర్తించడంలో మాత్రం వెనకబడుతుంది. ఖరీదు ఎక్కువ. అనుమానం ఉన్న ప్రతివాళ్ళకూ చేయించడం దండగ.

ఇన్ని అంకెలుంటే వాటిని కలిపి మార్కులు వేయొచ్చు కదా అన్న ఆలోచన పాతదే. 1986లో అల్వరాడో అనే సర్జన్ ఇచ్చిన స్కోరు ఇప్పటికీ వార్డుల్లో నడుస్తోంది. మొత్తం పది మార్కులు, అందులో రక్తానికి మూడు: కౌంట్ 10,000 దాటితే రెండు, న్యూట్రోఫిల్స్ ఎక్కువైతే ఒకటి. సీఆర్‌పీకి అందులో చోటు లేదు. ఆ లోటు 2008లో స్వీడన్ నుంచి వచ్చిన ఏఐఆర్ స్కోరు తీర్చింది. అందులో పన్నెండు మార్కులకు ఆరు రక్తం నుంచే వస్తాయి, సీఆర్‌పీ 50 దాటితే రెండు మార్కులు. అల్వరాడోకు తొమ్మిది వచ్చిందంటే పగిలిందని కొందరు అనుకుంటారు. ఆ స్కోరు పుట్టింది జబ్బు ఉందో లేదో చెప్పడానికి, ముదురు కొలవడానికి కాదు.

పరీక్ష ఎంత బాగుందో శాతాల్లో చెబితే బుర్రకెక్కదు, మనుషుల్లో లెక్కేస్తే తెలుస్తుంది. లెక్క కోసం ఒక ఊహ: అపెండిసైటిస్ ఖాయమైనవాళ్ళు 200 మంది, వాళ్ళలో 50 మందికి ముదిరింది. ముదిరినవాళ్ళలో 70 శాతాన్ని పట్టుకుని, మిగతావాళ్ళలో 80 శాతాన్ని సరిగ్గా వదిలిపెట్టే పరీక్ష ఒకటి ఉందనుకుందాం. ఈ రంగంలో అది ఫర్వాలేదనిపించే పరీక్షే. అది 50లో 35 మందిని పడుతుంది, 15 మందిని వదిలేస్తుంది. మిగతా 150లో 30 మందికి ఉత్తినే గంట కొడుతుంది. అంటే గంట మోగిన 65 మందిలో నిజంగా ముదిరింది సగానికి కాస్త ఎక్కువ. గంట మోగని 135 మందిలో 15 మందికి లోపల కుళ్ళు మొదలైపోయింది. "రక్తం బాగుంది, ఇంటికెళ్ళండి" అనడానికి ఏ సర్జన్‌కూ ధైర్యం చాలకపోవడానికి ఆ పదిహేను మందే కారణం.

అందుకే పొట్ట మీద చెయ్యి, స్కానింగ్ తప్పనిసరి. అల్ట్రాసౌండ్‌లో ఆరు మిల్లీమీటర్లు దాటిన గొట్టం నొక్కితే అణగకపోతే అపెండిసైటిస్ అంటారు. అయితే అది చేసే చేతిని బట్టి మారుతుంది. పైగా చిల్లు పడ్డాక అపెండిక్స్ ఒక్కోసారి తెరమీద కనిపించకుండా పోతుంది కూడా. "స్కానింగ్‌లో ఏమీ కనబడలేదు" అన్న రిపోర్టు పక్కన సీఆర్‌పీ 140 ఉంటే ఆ రెండు కాగితాల్లో రెండోదాన్నే నమ్మి సీటీకి పంపడం సబబు. రక్తపరీక్ష ఎక్కువగా అక్కరకొచ్చేది ఇలాంటి తగాదాల్లోనే.

అంకెలు అడ్డదారి పట్టించే సందర్భాలు వేరే ఉన్నాయి. గర్భిణులకు తెల్లకణాలు సహజంగానే పెరిగి ఉంటాయి, 15,000 చూసి బెంబేలు పడకూడదు. ముసలివాళ్ళకు లోపల చిల్లు పడినా జ్వరం, కౌంట్ మందకొడిగా ఉండొచ్చు. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్ళలో సీఆర్‌పీ తయారీయే తగ్గిపోతుంది. వాచిన అపెండిక్స్ మూత్రనాళానికి ఆనుకుని ఉంటే మూత్రంలో చీముకణాలు కనబడి, మూత్రంలో ఇన్ఫెక్షన్ అని మందులిచ్చి పంపేస్తారు. మధ్యలో ఆపేసిన యాంటీబయాటిక్ కోర్సు కౌంట్‌నూ సీఆర్‌పీనీ మసకబారుస్తుంది. కవరులోని ఆ మాత్రల రేకును డాక్టరుకు తప్పక చూపించాల్సింది అందుకే. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో డెంగీ ఉంటుంది. డెంగీకి కూడా తీవ్రమైన కడుపునొప్పి వస్తుంది, కాకపోతే తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు రెండూ పడిపోతాయి. జ్వరం ముందొచ్చి నొప్పి తర్వాత వస్తే, కౌంట్ 3,000 ఉంటే, కత్తి తీసేముందు డెంగీ పరీక్ష చూడడం తెలివైన పని.

పిల్లల విషయంలో గడియారం వేగంగా తిరుగుతుంది. ఎక్కడ నొప్పో చెప్పలేని వయసు, పలచని గోడ. ఐదేళ్ళలోపు పిల్లల్లో రోగం తేలేసరికి చిల్లు పడి ఉండడం ఎక్కువ.

ఇప్పుడు మళ్ళీ ఆ ఇరవై నాలుగు గంటల దగ్గరికి. వాపు, ఆపైన కుళ్ళు, ఆపైన చిల్లు అన్న వరస ప్రతివాళ్ళలోనూ తప్పదని ఫిట్జ్ కాలం నుంచి నమ్మారు. సాధారణ రకం, ముదిరిన రకం ఒకే జబ్బులో మెట్లు కావనీ, మొదటినుంచే అవి వేర్వేరనీ ఇప్పుడు చాలామంది అంటున్నారు. ఒక రకం వాచి, దానంతట అదో మందులతోనో తగ్గుతుంది. ఇంకో రకం ఆసుపత్రి గడప తొక్కేలోపే చిల్లు పడుతుంది. ఫిన్లాండ్, నార్వేల్లో జరిగి 2023లో వెలువడిన పర్ఫెక్ట్ అనే పరిశీలన దీనికి బలం చేకూర్చింది. ఎనిమిది గంటల్లోపు ఆపరేషన్ చేసినవాళ్ళలో 8 శాతానికి, ఇరవై నాలుగు గంటలదాకా ఆగినవాళ్ళలో 9 శాతానికి చిల్లు కనిపించింది. తేడా లేనట్టే. రాత్రి రెండింటికి ఆపరేషన్ థియేటర్ తెరవకుండా పొద్దున చేద్దామన్న డాక్టరును నిర్లక్ష్యమని తిట్టే ముందు ఈ సంగతి తెలిసి ఉంటే మంచిది.

కానీ ఆ పరిశీలనలో ఎవరిని చేర్చుకోలేదో చూడాలి. జ్వరం 38.5 డిగ్రీలు దాటినవాళ్ళు, స్కాన్‌లో ముదిరిన గుర్తులున్నవాళ్ళు, పొట్టంతా బిగుసుకున్నవాళ్ళు, సీఆర్‌పీ 100 అంతకు మించి ఉన్నవాళ్ళు. వీళ్ళను గుమ్మం దగ్గరే పక్కకు తీశారు. ఆగొచ్చు అన్న భరోసా మిగిలినవాళ్ళకే. రక్తపరీక్షకు అసలు ఉద్యోగం ఇదీ. లోపల ఏముందో ఫోటో తీసినట్టు చెప్పలేదు గానీ, క్యూలో ఎవరిని ముందుకు జరపాలో చెబుతుంది. పెద్ద ప్రభుత్వాసుపత్రిలో ఒకే రాత్రి నాలుగు అపెండిక్స్ కేసులు, రెండు యాక్సిడెంట్ కేసులు వచ్చి థియేటర్ ఒకటే ఖాళీగా ఉన్నప్పుడు ఈ సాయం చిన్నదేమీ కాదు. ఐసీయూ మంచం మాట్లాడి పెట్టడం, ల్యాప్రోస్కోపీతో మొదలుపెట్టినా పొట్ట తెరవాల్సి రావచ్చని ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి సంతకం తీసుకోవడం, ఖర్చు రెండు రోజులదా వారందా అని అంచనా ఇవ్వడం, ఇవన్నీ కూడా ఆ అంకెల మీద కొంత ఆధారపడతాయి.

ఒక పరిశీలనలో ఎన్ఎల్ఆర్ గొప్పదని, ఇంకోదాంట్లో బిలిరుబిన్ గొప్పదని తేలడానికి రోగుల తేడా ఒక్కటే కారణం కాదు. "ముదిరింది" అన్న మాటకే అందరూ ఒకే కొలత వాడరు. చిల్లు పడితేనే ముదిరినట్టు కొందరికి. గాంగ్రీన్ వచ్చినా చాలు మరికొందరికి. సర్జన్ కంటికి నల్లగా కనబడింది పాథాలజిస్టు మైక్రోస్కోపు కింద వట్టి చీముపట్టిన వాపుగా తేలడం మామూలే. కోసి తీసిన ఆ గొట్టం ముక్క సీసాలో పెట్టి బయాప్సీకి పంపుతారు. కుట్లు తీయించుకోవడానికి మళ్ళీ చెన్నై వచ్చిన రోజు ఆ రిపోర్టు చేతికొస్తుంది. చాలామంది దాన్ని చదవకుండానే కవరులో పెట్టుకుని రైలెక్కుతారు. ఆపరేషన్‌కు ముందు రక్తం చెప్పింది నిజమో కాదో తేలేది ఆ కాగితంలోనే.